కోరగవిని దగ్గర మురగం

క్షారగిరి వాళ్లు నా భార్యను చంపారు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

పేరమ్మకు శీతజ్వరం వచ్చింది. దానికి మందు నీరుకాడ అనే మొక్క ఒక్కటే. అది ఉప్పుచెరువు గట్టున తప్ప మొలవదు. ఆ చెరువు క్షారగిరి రాజ్యంలో ఉంది. ఆమెను కంచరగాడిద మీద కూర్చోబెట్టి, నడుముకు తాడు కట్టి, కొండలెక్కి వాళ్ల కోరగవిని దగ్గరికి తీసుకుపోయాను. గవిని మూసి ఉంది. పిలిచాను. తలుపు బాదాను. పైనుంచి ఒక గొంతు 'ఈ ఏడు ఎవరికీ తెరవం' అంది. ఎందుకో చెప్పలేదు. పేరమ్మ ఆ తలుపు కిందే పోయింది. అక్కడి రాళ్లే ఆమె మీద పేర్చి తిరిగొచ్చాను. నేను ఏడవలేదని మా ఊరి ఆడవాళ్లు చాలాకాలం చెప్పుకున్నారు.

మళ్లీ అదే గవినికి వెళ్లవలసి వచ్చింది.

మా హరిణపురం మీద భస్మవేత్రుడనే మాంత్రికుడు నిద్ర చల్లాడు. కోటలో మహారాజు, కొలిమి ముందు కమ్మరి, దొడ్లో పాలు పిండుతున్న మనిషి, ఎక్కడివాళ్లు అక్కడే ఒరిగిపోయారు. ఆ పూట ఊరి బయట ఉన్నవాళ్లం మాత్రం మిగిలాం. నా కూతురు చుక్క ఊళ్లోనే ఉంది. నోట్లో గంజి పోస్తే పక్కకు కారిపోతోంది. బుగ్గలు లోపలికి పోయాయి. ఆ నిద్రను విరగ్గొట్టే శంఖం ఒక్కటే ఉంది, అది క్షారగిరి రాజు కొలువులో ఉంది. మా మహారాజు ముద్రిక చూపితే ఇస్తారు. లేకపోతే ఇవ్వరు.

తల్లికి మందు అక్కడే ఉండె. బిడ్డకు మందూ అక్కడే ఉంది. దేవుడికి వేరే చోటు దొరకలేదు.

ముద్రిక యువరాజు అరుణకేతుడి దగ్గర ఉంది. ఆయన వేటకు పోయి నిద్ర తప్పించుకున్నాడు. ఆయనతో రాజవైద్యుడు కర్పూరభట్టు బయలుదేరాడు. మూలికల కోసం అడవికి పోయి బతికానని భట్టు చెప్పాడు. చెప్పాడనే అంటున్నాను. దారి తెలిసినవాణ్ని నేను. మాంత్రికుడి వేగులు చూడకుండా యువరాజుకు నా పాతబట్టలు తొడిగి, తలకు గుడ్డ చుట్టి, గాడిదలు తోలేవాడి వేషం వేశాను. ముద్రిక మొలతాడుకు కట్టుకున్నాడు. వేషం కుదిరింది గాని మనిషి కుదరలేదు. గాడిదను "దయచేసి నడువు" అనేవాడు.

"అట్లా చెబితే అది కూర్చుంటుంది దొరా," అన్నాను. "దాని తల్లిని తిట్టాలి."

"దాని తల్లి నాకేం చేసింది?"

"దీన్ని కన్నది."

ఆయన నేర్చుకున్నాడు. అది తర్వాత పనికొచ్చింది.

మొదటి కనుమ దాటగానే లోకం మారిపోతుంది. అక్కడి చెట్లకు ఉప్పుగాలి తగిలి బెరడు వెండిరేకుల్లా ఊడి వేలాడుతుంది. గాలి వీస్తే కొండవాలు మొత్తం గజ్జెకట్టినట్టు మోగుతుంది. లోయల్లో మంచు పాలు పొంగినట్టు పొంగి, ఎండ తగలగానే కుండలోకి జారినట్టు జారిపోతుంది. రాళ్ల మీద పసుపు, కుంకుమ, నీలిమందు ఒలకబోసినట్టు రంగురంగుల నాచు. అన్నిటికీ అవతల ఉప్పుచెరువు, అప్పుడే సానపట్టిన కత్తిలా తెల్లగా పడుకుని ఉంటుంది. చూడటానికి బాగుంటుంది. నేను దాన్ని నమ్మలేదు.

నమ్మకపోవడమే మంచిదైంది. రెండో కనుమలో కొండ కదిలింది. వాన లేదు, ఉరుము లేదు. పైన బూడిదరంగు మేఘం ఒకటి కర్ర పట్టుకున్న మనిషిలా వంగింది, అంతే, బండలు దొర్లాయి. యువరాజును కాలు పట్టి రాతి గుహలోకి లాగాను. ఆయన తల ఉన్నచోట ఏనుగంత బండ పడి రెండు ముక్కలైంది. దుమ్ము దిగాక చూస్తే భట్టు దారి మధ్యలో చిరునవ్వుతో నిలబడి ఉన్నాడు. చుట్టూ రాళ్లు పడ్డాయి, ఆయన మీద గులకరాయి కూడా పడలేదు. ఒక గాడిద లోయలోకి పోయింది. ఉప్పుమూట దాని వీపు మీదే ఉండె.

ఆ పూట నుంచి చప్పిడి గంజే. యువరాజు ఒక గుక్క తాగి, గిన్నె కింద పెట్టి, మళ్లీ ఎత్తి, మళ్లీ పెట్టాడు. నేను తిట్టుకుంటూ తాగాను. భట్టు మాత్రం చివరిదాకా తాగి, మూతి తుడుచుకుని, "బాగుంది," అన్నాడు.

గాడిదలను కట్టేటప్పుడు యువరాజుతో చెప్పాను. "భట్టుగారికి నాలుక ఉన్నట్టు లేదు దొరా."

"ఆయన నిగ్రహం గలవాడు, కొమ్మన్నా."

"నిగ్రహం ఉన్నవాడు బాగోలేకపోయినా తాగుతాడు. బాగుందనడు."

ఆయన నవ్వాడు. "నీకు నీ నీడ మీద కూడా అనుమానమే."

"అది వెనక నడుస్తుంది దొరా."

గవిని కనబడే మలుపు దగ్గర భట్టు మమ్మల్ని ఆపాడు. సంచిలోంచి వేరుముక్కలు తీశాడు. అక్కలకర్ర. నమిలితే నాలుక మొద్దుబారుతుంది, పంటినొప్పికి మా ఊళ్లోనూ వాడతారు.

"క్షారగిరి వాళ్లు అతిథికి మొదట మురగం పెడతారు," అన్నాడు భట్టు. "చేపను కొండ ఆవాలతో, అడవి వెల్లుల్లితో కలిపి మేకతిత్తిలో కుక్కి ఉప్పుబురదలో పాతిపెడతారు. చలికాలమంతా అది మురుగుతుంది. అదే వాళ్ల అన్నం, వాళ్ల ప్రసాదం, వాళ్ల జెండా. దాన్ని తిని మొహం చిట్లించినవాణ్ని గవిని దాటనివ్వరని లోకమంతా ఎరుగును. ఇది నమిలితే రుచి తెలియదు. మర్యాద నిలుస్తుంది."

ఆ మాట నేనూ విన్నదే. మా హరిణపురంలో పిల్లలకు మొదట నేర్పేది అదే. పరాయివాడి ఇంట పెట్టింది మొహం మారకుండా తినాలి. మేం చేదు కాకరరసం తాగుతూ చిరునవ్వు నవ్వగలం. దానికి గర్వపడతాం కూడా.

యువరాజు ముక్క నోట్లో వేసుకుని నమిలాడు. భట్టు నమిలాడు. నేను చెయ్యి నోటిదాకా తీసుకుపోయి, ముక్కను రొంటిన దోపుకున్నాను. మర్యాద మీద నాకు పట్టింపు లేదు. భట్టు చేతి మీద ఉంది.

కోరగవిని రెండు కోరల్లాంటి తెల్లబండల మధ్య ఉంటుంది. తలుపులు నల్లకర్రవి, వాటి మీద వేలెడేసి ఇనుప మొలలు. ఈసారి తెరిచే ఉన్నాయి. గుమ్మానికి ఎడమపక్క నేను పేర్చిన రాళ్లు ఉన్నాయి. ఎవరో వాటిని సర్దారు. పడిపోయినవి ఎత్తి పెట్టారు. చుట్టూ తెల్లగులకలు పోశారు. ఎవరు ముట్టుకోమన్నారు?

గవిని లోపల రాతిచప్టా, దాని చుట్టూ ఈటెలతో కావలివాళ్లు. చప్టా అవతలి అంచు లోయ మీదికి నాలుకలా పొడుచుకొచ్చి ఉంది. దాన్ని తోపుడుబండ అంటారట. ఎందుకలా అంటారో తర్వాత తెలిసింది. మధ్యలో తిత్తి పక్కన ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. పేరు గవిరమ్మ, గవినికి పెద్ద. పక్కన నిలబడ్డ దళపతి గండడు ఆమె కొడుకే. గుమ్మటంలాంటి మనిషి, మీసాలు చెవులదాకా.

"ఎవులు మీరు?" అన్నాడు గండడు.

యువరాజు ముద్రిక తీసి చూపి తానెవరో చెప్పాడు. గండడు ముద్రికను తీసుకుని తల్లి ముందున్న పీట మీద పెట్టాడు. "ముద్ర నిజమే. మొకం నిజమో కాదో సూడాల. ముందు తినండి. మాట తరవాత."

గవిరమ్మ తిత్తి మూతి విప్పింది.

గాడిదలు మూడూ ఒక్కసారి తలలు తిప్పుకున్నాయి. వాసన చెప్పాలంటే, ఎండిన చెరువు, చెప్పులు కుట్టేవాడి తొట్టి, చాలాకాలం తెరవని భోషాణం, ఈ మూడూ ఒకే గదిలో పెట్టి తలుపేసినట్టు ఉంది. రంగు తడిసిన బూడిద. అక్కడక్కడ చేప ఎముకలు వెన్నలా మెత్తబడి మెరుస్తున్నాయి. ముసలమ్మ చేత్తో మూడు ముద్దలు తీసి మూడు ఆకుల్లో పెట్టింది. విషమేమోనని చూశాను. ఆమె నా చూపు కనిపెట్టి అదే తిత్తిలోంచి తానూ ఒక ముద్ద వేసుకుంది. వెంటనే ఆమె కళ్లు ధారలు కట్టాయి. పక్కనున్న కావలివాడు తన కండువాతో ఆమె కళ్లు తుడిచాడు. ఎవరి కన్నీళ్లు వాళ్లు తుడుచుకోవడం అక్కడ తప్పట.

"రోజూ తింటారా దీన్ని?" అన్నాను.

"పుట్టినకాడి నుంచీ."

"రోజూ ఏడుస్తారా?"

"ఏడవని పూట తిన్నట్టుండదు బాబూ," అంది.

యువరాజు ముందు తిన్నాడు. మహారాజు విందులో మామిడిపండు తిన్నంత హుందాగా నమిలి మింగి, చేతులు జోడించి, "అమృతం," అన్నాడు. భట్టు తిని తలపంకించాడు.

నేను వేసుకున్నాను.

మొదట ఉప్పు. తర్వాత పులుపు, దవడలు కలిసిపోయేంత. ఇంతేనా అనుకున్నాను. అప్పుడు ఇనుపమేకు నాకినట్టు ఒక రుచి నాలుక మధ్య నిలబడింది. దాని వెనకే ఆవఘాటు లేచింది. గొంతులోకి కాదు, పైకి. ముక్కులోంచి నుదుట్లోకి, నుదుట్లోంచి మాడుకు, అక్కడ తలుపు తట్టినట్టు తట్టింది. కళ్లలోంచి నీళ్లు దూకాయి. ఉమ్మేద్దామని నోరు తెరిస్తే దగ్గు వచ్చింది. కూలబడ్డాను. నాకు తెలిసిన తిట్లన్నీ తిట్టాను. క్షారగిరిని, దాని చేపలను, దాని మేకలను, ఆ మేకలను కాసినవాళ్ల వంశాన్ని.

గవిరమ్మ తన చెంగు చాపింది. తోసేసి నా చేతిగుడ్డతో తుడుచుకున్నాను.

కావలివాళ్లు నవ్వుతారనుకున్నాను, లేకపోతే బయటికి గెంటుతారనుకున్నాను. రెండూ చేయలేదు. ఒకడు నన్ను భుజం పట్టి లేపి పక్కన నిలబెట్టాడు. మిగతా ఈటెలన్నీ యువరాజు గొంతు మీదికి, భట్టు గొంతు మీదికి దిగాయి. తాళ్లు వచ్చాయి. రెప్పపాటులో ఇద్దరినీ వెనక్కు కట్టేసి తోపుడుబండ దగ్గరికి ఈడ్చారు.

"ఏమిటిది?" అన్నాడు యువరాజు. "నేను మొహం కూడా చిట్లించలేదు."

"అందుకే," అన్నాడు గండడు.

"చిట్లించినవాణ్ని దాటనివ్వరని లోకమంతా..."

"ఆ మాట లోకంలోకి వొదిలింది మేమే." గవిరమ్మ చేతులు కడుక్కుంటూ చెప్పింది. "మంత్రగాడు మనిషిని పోతపోస్తాడు బాబూ. అదే మొకం, అదే గొంతు, పొడిస్తే నెత్తురు కూడా వొస్తాది. అరువు మనిషి అంతాం. వాడికి రెండు లేవు. నాలిక మీద రుచి లేదు, కంట నీరు లేదు. మురగం పెడితే మనిషన్నవాడు ఏడవాల్సిందే, రాజైనా, రాయి కొట్టుకునేవాడైనా. మొకం చిట్లిస్తే తప్పని మేం పుకారు పుట్టించినాం. అరువోడు అది ఇని మర్యాదగా తిని మర్యాదగా దొరికిపోతాడు."

"మర్యాదగల మనిషి దొరికితే?" అన్నాను.

"మురగం ముందు ఎవులి మర్యాదా నిలవదు."

కావలివాళ్లు యువరాజును బండ అంచుకు నెట్టారు. ఆయన పాదాల కిందినుంచి గులకరాళ్లు జారాయి. అవి కింద పడిన చప్పుడు వినబడలేదు.

నా ముందు రెండు దారులు ఉన్నాయి. ముద్రిక పీట మీద ఉంది. నేను ఏడ్చినవాణ్ని, నాకు అనుమానం లేదు. అడిగితే ముద్రిక నాకిచ్చి లోపలికి పంపుతారేమో. కానీ రాజవంశం వాడు తోడు లేకుండా గాడిదలవాడికి శంఖం ఎవరిస్తారు? యువరాజు పడితే చుక్క లేవదు. అది లెక్క. పైగా ఈ తలుపు దగ్గర ఇంకొకరు చావడం నాకు ఇష్టం లేదు.

రొంటినుంచి వేరుముక్క తీసి గవిరమ్మ ముందు విసిరాను. "ఇది నమిలారు ఇద్దరూ. నేను నమల్లేదు. అందుకే నేను ఏడ్చాను, వాళ్లు ఏడవలేదు."

"ఏటిది?"

"అక్కలకర్ర. నాలుక చచ్చిపోతుంది. రుచి తెలియదు."

"మురగం తెలియకుండా చేసే వేరు లోకంలో లేదు," అన్నాడు గండడు.

"నువ్వు చూడలేదు. అంతే."

గవిరమ్మ ముక్కను ఎత్తి, వాసన చూసి, ఎవరూ ఆపేలోపు నోట్లో వేసుకుంది. నమిలింది. పెదాలు చప్పరించింది. నాలుక బయటపెట్టి వేలితో తట్టి చూసుకుంది. తర్వాత తిత్తిలోంచి పిడికెడు మురగం తీసి, అందరూ చూస్తుండగా నోరారా తింది.

అందరం ఆమె కళ్లు చూశాం. ఎండాకాలపు ఏరులా పొడిగా ఉన్నాయి.

అప్పుడు గండడి ఈటె నెమ్మదిగా లేచి తల్లి గొంతుకు ఆనింది.

"ఏటిరా ఇది?" అంది ఆమె. నాలుక తిరగక మాట ముద్దగా వచ్చింది.

"నీ కంట నీరు లేదు."

"నిన్ను కన్నదాన్నిరా వెధవా."

"ఏమో. అరువోళ్లందరూ అదే సెప్తారు." ఈటె దించలేదు. "సట్టం సట్టమే అమ్మా."

"ఆ సట్టం నీకు నేర్పింది ఎవులు?"

"మాయమ్మ. నువ్వు మాయమ్మవి అయితే ఏడువు."

ఆమె నవ్వింది. ఈటె గొంతు మీద ఉండగానే నవ్వింది. "మంచోడివిరా. సరే, సట్టం వొదలకు. నీళ్లకుండ పొయ్యి మీద పెట్టు. అది కాగే లోపు నా నాలిక లేస్తాదేమో సూద్దాం. లేస్తే ముగ్గురికీ మళ్లీ పెట్టు. లేవకపోతే ముగ్గురినీ తోసెయ్యి. నన్ను ముందు తొయ్యి, నాను పెద్దదాన్ని."

కుండ పెట్టారు. నేను యువరాజు పక్కకు పోయి కూర్చున్నాను. ఆయన మొహం పాలిపోయింది గాని గొంతు స్థిరంగా ఉంది. "నువ్వు నమల్లేదని నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు భట్టుగారికి చెబుతారు."

అవతలివైపు భట్టు తాళ్లతోనే ప్రశాంతంగా నిలబడి ఉన్నాడు. "వేరు తెచ్చింది నేనే. నాలుక తెలిశాక నేనూ ఏడుస్తాను. భయమెందుకు?" అన్నాడు. ఆయన మాటల్లో ముద్దతనం లేదు. యువరాజుకు ఉంది. ముసలమ్మకు ఉంది. నేను చూసుకున్నాను. చేతిలో ములుగర్ర గట్టిగా పట్టుకున్నాను.

కొడుకు ఈటె కింద కూర్చునే గవిరమ్మ నన్ను పిలిచింది. "గుమ్మం పక్క రాళ్లు నువ్వు పేర్చినవేనా? వొచ్చినప్పుడు అటే సూసినావు."

"ఔను."

"ఆ ఏడు తలుపు తియ్యొద్దని సెప్పింది నానే. సెరువులో సేప పుట్టలేదు. మురగం లేదు. మురగం లేకపోతే మడిసెవుడో అరువోడెవుడో తెలీదు. అంతకు ముందు ఏడు ఒక అరువోడు తల్లి మొకంతో వొచ్చి మా ఊళ్లో పిల్లలందరినీ..." ఆగింది. "అందుకే ఎవులికీ తియ్యలేదు. ఆ రాళ్లు అప్పుడప్పుడూ సర్దుతున్నాను."

"సర్దకుండా ఉండాల్సింది."

"తప్పే."

"కారణం తెలిసినా పోయినవాళ్లు లేవరు."

"లెగరు," అంది. నేను క్షమించలేదు. ఆమె అడగనూ లేదు.

కుండలో నీళ్లు సలసలమన్నాయి. గండడు ముద్ద తీసి తల్లి చేతిలో పెట్టాడు. ఒక క్షణం ఏమీ లేదు. ఈటె బిగిసింది. అంతలో ఆమె కుడికన్ను మూల చిన్న మెరుపు కనబడింది, ఎడమకన్ను తడిసింది, తర్వాత రెండూ పొంగాయి. గండడు ఈటె పారేసి, తన తలపాగా మొత్తం విప్పి ఆమె మొహం తుడుస్తూ, తానే ఎక్కువ ఏడ్చాడు. వాడు మురగం తినలేదు.

యువరాజు కట్లు విప్పారు. మురగం ఎవరి చేత్తో వాళ్లు తినాలి, అది వాళ్ల ఆచారం. ఆయన ముద్ద వేసుకున్నాడు. హుందాగా నమిలాడు. హఠాత్తుగా కళ్లు పెద్దవయ్యాయి. మొహం ఎర్రబడింది, తర్వాత నల్లబడింది. ముక్కు, కళ్లు, నోరు ఒకేసారి కారాయి. హరిణపుర యువరాజు నేలమీద పొర్లి, క్షారగిరి మొదలుకొని మురగం కనిపెట్టినవాడి తల్లిదాకా, గాడిదల దగ్గర నేర్చుకున్నదంతా అప్పజెప్పాడు. కావలివాళ్లు ఈలలు వేశారు. గండడు ఆయన్ను ఎత్తి కావలించుకుని తన చొక్కాకే ఆయన ముక్కు తుడిచాడు.

"మడిసే," అన్నాడు. "శానా మంచి మడిసి."

భట్టు కట్లు విప్పారు. ముద్ద చేతిలో పెట్టారు. ఆయన దాన్ని చూసి, మమ్మల్నందరినీ చూసి, చిరునవ్వు నవ్వాడు. బండలు దొర్లినప్పుడు దారి మధ్య నిలబడ్డవాడి నవ్వే అది.

"కొమ్మన్నా," అన్నాడు, "గాడిదలవాడివి, ఉప్పు దగ్గర పట్టుకున్నావు. నా యజమాని ఉప్పు సంగతి ఆలోచించలేదు."

నోరు తెరిచాడు. లోపల నాలుక లేదు. బొగ్గుబావిలా నలుపు, అందులో పొగ తిరుగుతోంది. ఆ పొగ ఉప్పెనలా బయటికి కక్కాడు. మధ్యాహ్నం చప్టా మీద కన్ను పొడుచుకున్నా కనబడలేదు. ఈటెలు ఒకదానికొకటి తగిలాయి. పీట తన్నిన చప్పుడు వినబడింది. నేను ఆ చప్పుడు మీదికి దూకాను. భట్టు శాలువా చేతికి చిక్కింది. శాలువాలో మనిషి లేడు. బూడిద గుప్పెడు రాలింది.

గాలి పొగను నెట్టాక చూశాం. పీట మీద ముద్రిక లేదు. తోపుడుబండ అంచు మీదినుంచి కర్పూరభట్టు వేషం నిట్టనిలువు కొండను బల్లిలా పాకి దిగుతోంది. ఈటెలు విసిరారు. రెండు తగిలాయి, దూసుకుపోయాయి, పొగకు తగిలినట్టే. అది కింద ఉప్పుచెరువు మీదికి దిగి, తెల్లటి ఉప్పుపెచ్చు మీద నల్లచుక్కలా పరుగెత్తింది.

"ఆ చెరువు అవతల ఏముంది?" అన్నాడు యువరాజు కళ్లు తుడుచుకుంటూ.

"రాజధాని," అన్నాడు గండడు. "మీ ముద్రికతో, మీ మొకం అరువు తెచ్చుకుని కొలువులోకి పోతాడు. శంఖం వాడి సేతికి ఇచ్చేస్తారు. పొద్దు గూకేలోపు పట్టుకోవాల. గుర్రం పోతే పెచ్చు విరుగుతాది. సన్నకాళ్ల జంతువు కావాల."

నా గాడిదలు ఉన్నాయి. గవిరమ్మ చిన్న మురగం తిత్తి ఒకటి తెచ్చి నా జీనుకు కట్టింది. "పొగైపోయిన అరువోడి నోట్లో ఇది పడితే ఆ పొగ మళ్లీ గట్టిపడతాది. అప్పుడే సేతికి సిక్కుతాడు. దగ్గరికి పోవాల మరి." ముడి బిగించి, తల ఎత్తకుండా అంది, "మురగానికి ఏడిచేవాళ్లను పుట్టిన్నాటి నుంచి సూస్తున్నాను. గుక్కెడు నీళ్లు తాగేలోపు ఆగిపోతాది. కుండ కాగింది, నీ కంట నీరు ఆగలేదు."

గాడిదను అదిలించాను.

చెరువు మీద పెచ్చు గాజులా పలుచన. కింద నీళ్లు ఆకుపచ్చగా కదులుతున్నాయి. మా ముందు గులాబిరంగు కొంగల బారు ఒక్కసారి లేచి, ఆకాశానికి చీరె ఆరేసినట్టు పరుచుకుంది. దాని అడుగునుంచి నల్లచుక్క కనబడింది, మాయమైంది, మళ్లీ కనబడింది. వెనక ఎక్కడో పెచ్చు చిటుక్కుమంది. ఆ పగులు మెరుపు గీతలా మమ్మల్ని తరుముకుంటూ వస్తోంది. యువరాజు గాడిద తల్లిని చక్కగా తిడుతూ నా పక్కకు వచ్చాడు.

"కొమ్మన్నా, నీ కళ్లు."

"మురగం ఘాటు దొరా."

"నాకు ఎప్పుడో దిగిపోయింది."

"ఉప్పుగాలి."

"గాలి మన వెనకనుంచి వస్తోంది."

చెయ్యి ఎత్తి మొహం తుడుచుకున్నాను. పగులు మా ఎడమపక్కకు వచ్చేసింది. ఆకుపచ్చ నీళ్లు పైకి చిమ్మాయి. ముందు నల్లచుక్క ఆగింది. అది వెనక్కు తిరిగింది, దానికి ఇప్పుడు యువరాజు మొహం ఉంది.

"ముందు చూడండి దొరా," అన్నాను. "ఆ మాట ఇంక ఎత్తొద్దు."

ఆయన మళ్లీ ఎత్తలేదు. నేనూ ఎత్తను.